వరమ్మ వేలిముద్ర

మా అత్త వరమ్మ జీవితం మొత్తంలో తొందరపడి సాక్ష్యం చెప్పింది ఒక్కసారే. అది తొంభై ఆరో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా ఇంటికి ఫ్రిజ్ వచ్చిన సాయంత్రం. ఆ తొందరపాటుకు ఊళ్లో నవ్వినవాళ్లున్నారు, జాలిపడ్డవాళ్లున్నారు. నేను అప్పుడూ నవ్వలేదు, ఇప్పుడూ నవ్వను. ఎందుకంటే ఆ ఎండాకాలంలో అసలు తప్పు నాది. చదువుండి, నోరుండి, మాట్లాడకుండా నిలబడ్డాను.

నాకు పెళ్లై అప్పటికి మూడు నెలలు. షాద్‌నగర్ నుంచి పాల్మాకులకు కోడలిగా వచ్చాను. మా ఆయన ఆశేర్ కాటేదాన్‌లో ఫ్యాక్టరీ పనికి పొద్దున ఆరింటి బస్సుకు పోతే మళ్లీ దీపాలు పెట్టేవేళకే ఇల్లు చేరేవాడు. పగలంతా ఇంట్లో నేను, అత్త, మామ. మామ యెహోషువ ముప్పై ఏళ్లు బస్సు నడిపిన డ్రైవరు. షుగర్ వల్ల చూపు మసకబారి ముందే రిటైరయ్యాడు. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది పడితే గాని ఆయన ముద్ద ముట్టకూడదు. ఆ మందు సీసా ఎప్పుడూ చల్లగా ఉండాలి. మాకు ఫ్రిజ్ లేదు కనుక మూడిళ్ల అవతల రేణుకమ్మ ఇంట్లో పెట్టుకునేవాళ్లం.

రేణుకమ్మ చెడ్డది కాదు. కానీ రోజూ పొద్దున్నే ఒకరి గుమ్మం ముందు నిలబడితే ఎంత మంచివాళ్లకైనా విసుగు వస్తుంది. అత్త వెళ్లి "వదినే" అని పిలిస్తే, ఆమె ముగ్గు వేయడమో, బట్టలు పిండడమో ముగించుకుని అప్పుడు లేచేది. అంతకు ముందటి క్రిస్మస్‌కు వాళ్లు తాళం వేసి చుట్టాలింటికి పోయారు. మందు లోపల, మామ బయట. రెండు రోజులు సూది లేదు, మూడో రోజు దవాఖానలో పడ్డాడు. అప్పటి నుంచే ఎడమ కాలి చిటికెన వేలి మీద చిన్న పుండు మొదలైంది.

"మందు తప్పినా, మందు వేడెక్కి పాడైనా, ఈ కాలికి నేను జవాబుదారీ కాదు" అని శంషాబాద్ డాక్టరు తెగేసి చెప్పాడు.

ఆ మాట విన్నాక అత్త ఇంకెవరి మాటా వినలేదు. మామ రిటైరైతే వచ్చిన సొమ్ము రేకుల ఇంటి మీద స్లాబ్ వేయడానికని దాచారు. "స్లాబు లేకుంటే సచ్చిపోతమా? మన మందు మన ఇంట్ల ఉండాలె" అని ఆమే ముందు నడిచింది.

మైలార్‌దేవ్‌పల్లి దగ్గర, బెంగళూరు రోడ్డు మీద, కౌస్తుభ హోమ్‌నీడ్స్ అని అద్దాల షోరూమ్ ఉండేది. మేనేజరు కోస్తా మనిషి. ప్రతి మాటకూ 'అండి' తగిలించేవాడు. ఆ రోజు మాకు కుర్చీలు వేయించాడు, చల్లటి సోడా తాగించాడు, మామ కాలి కట్టు చూసి "అయ్యో" కూడా అన్నాడు. డబ్బు చెల్లించే రోజు ఎవరైనా అమ్మగారూ అయ్యగారే కదా.

గురువారం పొద్దున ట్రాలీ ఆటోలో ఫ్రిజ్ దిగింది. దింపినవాళ్లు పోతూ పోతూ ఒక మాట చెప్పారు. కంపెనీ మనిషి వచ్చి స్విచ్ వేసేదాకా ముట్టుకోవద్దు, ముట్టుకుంటే గ్యారంటీ పోతుంది, ఆ మనిషి రేపో ఎల్లుండో వస్తాడు.

ఆ సాయంత్రమే మా ఇంట్లో కూడిక. గురువారం గురువారం మా మందిరం ఆడవాళ్లంతా ఒకరింట్లో కూడేవారు. పాటలు, ప్రార్థన, ఆ తరువాత ఎవరికి ఏ మేలు జరిగిందో వాళ్లు నిలబడి సాక్ష్యం చెప్పాలి. కొత్త వస్తువు వస్తే దాని మీద వేలితో కాస్త నూనె అద్ది ప్రార్థన చేసేవారు. ఇక సాక్ష్యం సంగతి. పదిమందిలో దేవుని పేరు చెప్పి ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదు.

అత్త నిలబడింది. పట్టుచీర కొంగు తల మీద సర్దుకుంది. "అక్కలారా, ఇగ నా మొగని మందు కోసం నేను ఎవ్వరి గడప తొక్క. దేవుడు నా ఇంట్లనే చల్లటి తావు ఇచ్చిండు" అంది. నూనె చుక్క ఫ్రిజ్ తలుపు మీద అద్ది కళ్లు మూసుకుంది.

వెనక చాప మీద కూర్చున్న రేణుకమ్మ మొహం మాడిపోయింది. పక్కన ఉన్న అమృతమ్మ చెవిలో, నాకు వినిపించేట్టుగానే, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట. ఇంక స్విచ్చే ఎయ్యలే" అంది.

రేపో ఎల్లుండో అన్న మనిషి ఎనిమిదో రోజుకు వచ్చాడు. పేరు పాండు. భుజానికి సంచి, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు. సరిగ్గా పదింటికి వచ్చి స్విచ్ వేశాడు. ఫ్రిజ్ గుర్రుమంది, లోపల బల్బు వెలిగింది. ఆ వెలుగు చూసి అత్త రెండు చేతులూ జోడించింది. పాండు నేనిచ్చిన చాయ్ ఊదుకుంటూ తాగి, సంచిలోంచి ఒక కార్డు తీసి రాసుకున్నాడు.

"గీడ వేలిముద్ర పెట్టు పెద్దమ్మా."

"ఏం రాసినవ్ బిడ్డా?"

"ఏం లేదు, నేను వచ్చి పోయిన అని."

నేను వంటింటి గుమ్మంలో ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. కార్డు నాకు మూరెడు దూరంలో ఉంది. ఇంటర్ దాకా చదివినదాన్ని, ఆ ఇంగ్లీషు నాకు తెలియకపోలేదు. వచ్చిన సమయం పది. వెళ్లిన సమయం పదీ పది. చల్లదనం పరీక్షించడమైనది. కస్టమర్ సంతృప్తి చెందారు. అప్పటికి ఫ్రిజ్ తలుపు తీస్తే బయటి వేడే లోపలా ఉంది.

నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు మా అమ్మ చెప్పిన మాట ఒకటే. "ఏడాది దాక బయటోళ్ల ముందల నోరెత్తకు బిడ్డా. కోడలు మాట్లాడితే అత్త పరువు తీసినట్టు." నేను మంచి కోడలిననిపించుకోవాలని నోరెత్తలేదు. అత్త బొటనవేలు ఊదా సిరాలో ముంచి కార్డు మీద ఒత్తింది. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే నన్ను నేను నాలుగు వాయించుకోవాలనిపిస్తుంది.

అదే సాయంత్రం అత్త రేణుకమ్మ ఇంటికి వెళ్లి "ఇగ నీకు తక్లీఫ్ లేదు వదినే" అని సీసా తెచ్చుకుంది. మా ఫ్రిజ్‌లో పై అరలో, తెల్లటి చేతిరుమాలు పరిచి పెట్టింది.

మర్నాడు నీళ్లు చల్లగా కాలేదు. మూడో రోజూ కాలేదు. బల్బు వెలుగుతోంది, గురక వినిపిస్తోంది, చల్లదనం మాత్రం లేదు. "కొత్తది గదా, దానికి గూడ అలవాటు గావాలె" అంది అత్త. నేను కోడలిగా వచ్చినప్పుడు కూడా అట్లాగే అని ఉంటుంది. వారం గడిచాక ఆమెకూ అర్థమైంది. అయినా తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వరికి చెప్పకు నిర్మలా. అందరి ముందు దేవుడు ఇచ్చిండని చెప్పిన. ఇప్పుడు ఖరాబైందంటే దేవుని పేరు పోతది" అంది.

ఒకరోజు రేణుకమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది, నాలుగు ఐసు ముక్కలిమ్మని. అత్త తడుముకోకుండా, "శ్రమల దినాలు గదా వదినే, ఈస్టర్ దాక మేము చల్లటివి మానుకున్నం" అంది. ఉపవాసముండేవాళ్లను చూశాను, మాంసం మానేవాళ్లను చూశాను, చన్నీళ్లు మానినవాళ్లను అక్కడే చూశాను. లోపల వంటింట్లో నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మందు చెడిపోవచ్చన్న ఆలోచన మాకు రాలేదు. రాలేదంటే అబద్ధం. నాకు వచ్చింది. "అత్తమ్మా, సీసా మళ్ల రేణుకత్త ఇంట్ల పెడదామా?" అని ఒకసారి అడిగాను. ఆమె నా వైపు చూసిన చూపుకు మళ్లీ అడగలేదు. కుండ పక్కన తడి ఇసుకలో పెట్టినా ఆ ఫ్రిజ్‌లో కంటే చల్లగా ఉండేది. అది కూడా మాకు తోచలేదు. పరువు అడ్డమొస్తే కళ్ల ముందున్నది కనబడదు.

ఈస్టర్ మర్నాడు మామ కాలి కట్టు విప్పితే చిటికెన వేలు నల్లబడి ఉంది. శంషాబాద్ డాక్టరు మందు సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. సీసాకు లోపల తెల్లటి పొర అంటుకుని ఉంది.

"ఇది ఎక్కడ పెడుతున్నారు?"

"ఫ్రిజ్‌ల సార్" అంది అత్త.

"ఫ్రిజ్‌లో పెట్టిన మందు ఇట్లా కాదమ్మా. మూడు వారాలుగా మీరు ఆయనకు నీళ్లు ఎక్కిస్తున్నారు."

పట్నం పెద్ద దవాఖానలో వేలు తీసేశారు. కాలు దక్కింది, అదే చాలన్నారు. స్పృహ వచ్చాక మామ మా ఇద్దరి మొహాలు చూసి, "ఎందుకేడుస్తున్నరు? ఎడమ కాలే గదా. గది క్లచ్ తొక్కే కాలు. రిటైరైనోనికి క్లచ్ ఎందుకు?" అన్నాడు. ఆయన నవ్వించబోయాడు గాని అత్త మంచం కోడు పట్టుకుని కిందనే కూలబడింది.

ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం అత్త చాటలో బియ్యం ఏరుతోంది. ఇక నా వల్ల కాలేదు.

"అత్తమ్మా, ఆ దినం కార్డు మీద ఏం రాసిండో నేను సదివిన. చల్లదనం చూసినమని, మీరు తృప్తి పడ్డరని రాసిండు. తెలిసి గూడ చెప్పలే."

ఆమె చేతులు ఆగాయి. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"ఇంకేమేం సదివినవ్?" అంది చివరికి.

"ఫ్రిజ్‌తోని వచ్చిన పుస్తకం గూడ."

"అయితే తే. మొదటికెల్లి సదువు."

నేను పుస్తకం తెచ్చి కూర్చున్నాను. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం. ఆమె బియ్యం ఏరుతూ వింటూ, మధ్యలో "గది మళ్లొక్కసారి చెప్పు" అనేది. చాటలో రాళ్లు అయిపోయినా మా చదువు అయిపోలేదు.

ఆ తరువాత నాలుగు వారాలు తిరిగాం. ఊళ్లో కుర్మయ్య ఎస్‌టీడీ బూత్ నుంచి కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ ఫిర్యాదు ముగిసిపోయింది మేడమ్, కస్టమర్ సంతృప్తి చెందినట్టు మా దగ్గర వేలిముద్ర ఉంది" అంది అవతలి పిల్ల. ముగియడానికి అసలు మొదలైందెప్పుడు? ఐదోసారి చేస్తే పాండు వచ్చాడు. "పల్లెటూరి కరెంటు గిట్లనే ఉంటది, స్టెబిలైజర్ కొనుండ్రి" అన్నాడు. కొన్నాం. బల్బు ఇంకాస్త బాగా వెలిగింది. మళ్లీ పిలిస్తే తలుపు మీద నూనె మరక చూసి, "గిదేంది? నూనె పూస్తే గ్యారంటీ ఉండది" అని కొత్త పాట ఎత్తుకున్నాడు. తలుపు మీద చుక్క నూనె లోపలి మిషన్‌ను ఎట్లా పాడు చేసిందని అడిగితే, అది కంపెనీ చెప్పాలన్నాడు. కంపెనీని అడిగితే అమ్మినవాళ్లను అడగమంది. షోరూమ్‌కు పోతే మేనేజరు మమ్మల్ని కూర్చోమనలేదు. "మేము అమ్మేవాళ్లమేనండీ, బాధ్యత కంపెనీదండీ" అని ఇంకో గిరాకీ వైపు తిరిగాడు. మొదటి రోజు 'అమ్మగారు' ఈ రోజు 'ఏమ్మా' అయింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

ఆ రోజుల్లో కొత్త సీసాను తడి ఇసుక కుండలో పెట్టి, రోజుకు నాలుగుసార్లు నేనే ఇసుక తడిపేదాన్ని. సూది వేయడం కూడా నేర్చుకున్నాను. మే నెల వచ్చేసరికి కుండలో ఇసుక గంటకే ఆరిపోసాగింది. ఈ మందు కూడా చెడిపోతే పోయేది వేలు కాదు, కాలు. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మే నెల రెండో ఆదివారం మందిరం బయట అత్త ఆడవాళ్లందరికీ చెప్పింది. "ఈ గురువారం కూడిక మా ఇంటి వంతు. కానీ మా ఇంట్ల గాదు. చాపలు తెచ్చుకోండ్రి, బస్సెక్కాలె."

ఎక్కడికని ఎవరడిగినా చెప్పలేదు. గురువారం పద్నాలుగుమంది ఆడవాళ్లం చంకలో చాపలతో మైలార్‌దేవ్‌పల్లిలో దిగాం. రేణుకమ్మ కూడా వచ్చింది.

ఎండాకాలం కదా, షోరూమ్ కిటకిటలాడుతోంది. రెండు పెద్ద కూలర్లు తిరుగుతున్నాయి. అత్త నేరుగా ఫ్రిజ్‌ల వరసల మధ్యకు పోయి చాప పరిచింది. ఆమె పరిచాక ఇంకెవరు ఆగుతారు? అందరూ కూర్చున్నారు. అమృతమ్మ గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటండీ ఇది? ఇది షాపండీ, ప్రార్థనా మందిరం కాదు!"

"తెలుసయ్యా. మందిరంల గింత చల్లగ ఉండది" అంది అత్త.

"లేవండి. లేకపోతే పోలీసులను పిలవవలసి వస్తుంది."

"పిలువయ్యా. ఎండల తిరిగి తిరిగి ఉంటరు, ఆళ్లు గూడ జర సేపు కూసుంటరు."

గిరాకీలలో ఎవరో నవ్వారు. పాట అయింది, ప్రార్థన అయింది. సాక్ష్యానికి అత్త నిలబడింది. పట్టుచీర కాదు, ఇంట్లో కట్టుకునే నేతచీర.

"అక్కలారా, రెండు నెలల కింద నా ఇంట్ల సాక్ష్యం చెప్పిన, యాదుందా? దేవుడు చల్లటి తావు ఇచ్చిండని చెప్పిన. గా సాక్ష్యం నేను వాపస్ తీస్కుంటలేను. కొనే తాకత్ దేవుడే ఇచ్చిండు. కానీ డబ్బాల పెట్టి ఇంటికి పంపింది దేవుడు గాదు, గీ సారు. గది ఒక్కనాడు చల్లగ కాలే. మీకు చెప్పనీకె సిగ్గయింది. శ్రమల దినాలని అబద్ధమాడిన. రేణుకమ్మా, నీకే ఆడిన. నా సిగ్గుకు నా మొగని వేలు పోయింది. నా తప్పు నేను ఒప్పుకుంటున్న. ఇగ సారు తప్పు సారు ఒప్పుకోవాలె."

వెనక వరసలో ఉన్న రేణుకమ్మ తన చాప చుట్టుకుని లేచింది. వెళ్లిపోతుందేమో అనుకున్నాను. ఆమె ముందుకు వచ్చి, అత్త కూర్చునే చోటు పక్కనే మళ్లీ పరుచుకుని కూర్చుంది.

మేనేజరు లోపలికి పోయి ఒక ఫైలు తెచ్చాడు. అందులోంచి ఆ కార్డు తీసి గిరాకీలందరికీ కనబడేట్టు ఎత్తి పట్టుకున్నాడు. "ఈ వేలిముద్ర మీదేనాండీ? చల్లదనం పరీక్షించామనీ, మీరు సంతృప్తి చెందారనీ స్పష్టంగా రాసి ఉంది. ఇప్పుడొచ్చి గొడవ చేస్తే ఎట్లాగండీ?"

అత్త తల తిప్పి నా వైపు చూసింది.

నేను లేచాను. పుస్తకం చేతిలో ఉంది.

"సార్, గా కార్డు మీద మీ మనిషి వచ్చిన టైము సదువుండ్రి."

"పది గంటలు."

"పోయిన టైము?"

మేనేజరు కార్డు దించబోయాడు. పక్కన భర్తతో ఫ్రిజ్ కొనడానికి వచ్చిన ఒకావిడ మెడ చాచి, "పదీ పది" అంది.

"గిది మీరిచ్చిన పుస్తకం. ఏడో పేజీ. ఖాళీగ ఆరు గంటలు నడిచినంక చల్లదనం చూడాలని రాసింది. ఆరు గంటల పని మీ మనిషి పది నిమిషాల్ల ఎట్ల జేసిండు సార్? అందుల నేనిచ్చిన చాయ్ గూడ తాగిండు."

ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని చూసింది. భర్త వైపు తిరిగి, "మనకూ పది నిమిషాలేనేమో. పదండి" అని బయటికి దారి తీసింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు కదిలారు.

మేనేజరు గొంతు దిగింది. "కంపెనీకి రాస్తానండీ. వాళ్లు వచ్చి చూసి, మార్చాలంటే ఒక నెల పడుతుందండీ."

"పట్టనియ్యి" అంది అత్త. చేతి సంచిలోంచి తడిగుడ్డ మూట తీసి విప్పింది. మందు సీసా. ముందు వరసలో నడుస్తున్న ఫ్రిజ్ తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి చూసి, "గిది మంచిగ చల్లగుంది" అని పై అరలో పెట్టి తలుపు వేసింది.

"అది అమ్మకానికి పెట్టిందండీ!"

"అమ్ముకో. కొన్నోళ్లకు సీసా సంగతి గూడ చెప్పు. నాకు ఫ్రిజ్ వచ్చేదాక నా మొగని మందు గీడనే ఉంటది. రోజూ పొద్దుగాల వచ్చి గీడనే సూది ఏసుకుంటం. ఇన్నేండ్లు రేణుకమ్మ గడప తొక్కినం. ఇగ నీ గడప తొక్కుతం."

అది బెదిరింపు అనుకున్నాడు పాపం. మా అత్త బెదిరించే మనిషి కాదు, చెప్పింది చేసే మనిషి.

మర్నాడు షట్టర్ లేచేసరికి మామ, నేను గుమ్మంలో ఉన్నాం. రిటైరైన డ్రైవరుకు బస్సు పాసు ఉచితం. "నెల గాదు, ఏడాదైనా వస్త సారూ, నాకు టికెట్ లేదు" అని మామ ముందే చెప్పేశాడు. పదింటిదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు ఆయన. కర్ర ఆనించి స్టూలు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నేను ఫ్రిజ్ తెరిచి, సీసా తీసి, సూది వేశాను. తరువాత నేను తెచ్చిన జొన్నరొట్టె అక్కడే తిన్నాడు. కట్టు కట్టిన కాలు ముందుకు చాపి ఉంది కదా, వచ్చినవాళ్లంతా ఏమైందని అడిగారు. ఆయన ఎవరినీ తిట్టలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. చివర మాత్రం, "ఫ్రిజ్ మంచిదే ఉండొచ్చు బాపు. కార్డు మీద సంతకం జర చూసి చెయ్యి" అనేవాడు.

రెండో రోజు మేనేజరు స్టూలు దాచేశాడు. మామ నేల మీద కూర్చున్నాడు. అప్పుడు కాలి కట్టు ఇంకా బాగా కనబడింది. మూడో రోజు అమృతమ్మ, రేణుకమ్మ తోడు వచ్చారు. ఆ రోజు స్టూలే కాదు, కుర్చీ వచ్చింది, చక్కెర లేని చాయ్ వచ్చింది, 'అయ్యగారు' అన్న పిలుపు కూడా తిరిగొచ్చింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. చాయ్ మామ తీసుకోలేదు. "మందు తీస్కోనీకె వచ్చిన సారూ, చుట్టపు చూపుకు గాదు" అన్నాడు.

నెల పడుతుందన్న పని నాలుగో రోజుకు అయింది. పాత ఫ్రిజ్‌ను ట్రాలీ ఎక్కించుకుని, కొత్తది దింపారు. ఈసారి పాండు బండితో పాటే వచ్చాడు. స్విచ్ వేసి, చాయ్ కోసం చూడకుండా కార్డు తీశాడు.

"పెద్దమ్మా, గీడ ఒక్క వేలిముద్ర."

"ఏం రాసింది?"

"ఏం లేదు పెద్దమ్మా, నేను..."

"నిన్ను గాదు. మా కోడల్ని అడుగుతున్న."

నేను వంటింటి గుమ్మం దాటి ముందుకు వచ్చాను. చదివాను. అదే కార్డు, అవే మాటలు.

"ఎనిమిది దినాలాగు" అంది అత్త పాండుతో. "మొదటిసారి నువ్వు ఎనిమిది దినాలకు వచ్చినవ్ గదా. ఇప్పుడు గన్నే దినాలకు రా."

ఎనిమిది రోజులూ ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున లేవగానే తలుపు తీసి, అరచెయ్యి లోపల పెట్టి, మళ్లీ మూసేది. మందు సీసా తెల్లటి చేతిరుమాలు మీద, మా ఇంట్లోనే. మామ సూది వేళకు వేసుకుని వేళకు తిన్నాడు. ఎనిమిదో రోజు పాండు వచ్చేసరికి రేణుకమ్మ మా గడప మీద కూర్చుని గిన్నెలోంచి ఐసు ముక్క తీసి చప్పరిస్తోంది. పాండుకూ చల్లటి నీళ్లిచ్చాం. తాగి, కార్డు ముందుకు జరిపాడు.

నేను ఒక్కో వరుస చదివి తెలుగులో చెప్పాను. వచ్చిన సమయం. వెళ్లిన సమయం. చల్లదనం పరీక్షించడమైనది. అత్త అన్నిటికీ తలాడించింది.

"కస్టమర్ తృప్తి పడ్డరు అని రాసింది అత్తమ్మా."

ఆమె మంచం మీద మామ చాపుకున్న ఎడమ కాలు వైపు చూసింది. నాలుగు వేళ్ల కాలు.

"గది కొట్టెయ్ బిడ్డా" అంది పాండుతో. "చల్లగైతుంది అని రాయి. చల్లగైతుందన్నది నిజం. తృప్తి మాట నేను చెప్పలే."

"గది అచ్చేసిన మాట పెద్దమ్మా, నేనెట్ల కొట్టేద్దు?"

"మూడు పెన్నులున్నయి గదా నీ జేబుల. ఒక్కదాంతోని కొట్టెయ్."

పాండు కాసేపు తల గోక్కున్నాడు. తరువాత ఎర్ర పెన్ను తీసి ఆ వరుస కొట్టేసి, పైన అత్త చెప్పిన మాట రాశాడు. అత్త నా వైపు చూసింది. నేను కార్డు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదివి, "ఇప్పుడు సరిగ్గ ఉంది" అన్నాను. అప్పుడు ఆమె వేలు సిరాలో ముంచింది.